పట్టా, పర్మిటు, వేలంపాట: చిలకలూరిపేట మైదానంలో స్వేచ్ఛావాద చరిత్ర

సర్కారు అధికారానికి హద్దులుండాలి, ఒకరి ఆస్తి జోలికి అది రాకూడదు, అమ్మకాలూ కొనుగోళ్లూ ఇచ్చేవాడి, పుచ్చుకునేవాడి ఇష్టానికి వదిలెయ్యాలి అనే రాజకీయ ఆలోచనను స్వేచ్ఛావాదం అంటారు. ఆంధ్రలో ఈ ఆలోచనకు గట్టి పట్టు దొరికిన చోట్లలో పాత గుంటూరు జిల్లా ఒకటి. చిలకలూరిపేట నుంచి నరసరావుపేట, పెదనందిపాడు, పర్చూరు వైపు పరుచుకున్న నల్లరేగడి మైదానంలో పత్తి, మిరప, పొగాకు పండించే రైతులు రెండు వందల ఏళ్లుగా సర్కారుతో తగవులు పడుతూనే ఉన్నారు. ఆ తగవుల్లో ఒక వరుస కనిపిస్తుంది. భూమి విషయంలో సర్కారును దూరం పెట్టాలన్న రైతులే పంట ధర దగ్గరికి వచ్చేసరికి దాన్ని పిలిచి మధ్యలో నిలబెట్టారు.

జమీందారు పోయి పట్టా వచ్చింది

1788లో గుంటూరు సర్కారు (అప్పటి జిల్లా) ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చేనాటికి ఈ ప్రాంతం జమీందార్ల ఏలుబడిలో ఉండేది. చిలకలూరిపేట మానూరివారిది, నరసరావుపేట మల్రాజువారిది, అమరావతి వాసిరెడ్డివారిది. కంపెనీకి పేష్కషు అనే కప్పం కట్టలేక ఈ ఎస్టేట్లు అప్పుల్లో కూరుకుపోయాయి. 1832-33లో వచ్చిన నందన కరువు ఊళ్లను ఖాళీ చేసింది, జమీందార్ల రాబడినీ ఊడ్చేసింది. 1840ల్లో బకాయిల కింద ఎస్టేట్లు ఒక్కొక్కటిగా సర్కారు పరమయ్యాయి. ఆ తర్వాత రైత్వారీ పద్ధతి స్థిరపడింది.

రైత్వారీలో రైతు పేరున పట్టా ఉంటుంది. శిస్తు కడుతున్నంత కాలం భూమిని అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు, పిల్లలకు పంచవచ్చు. ఏటా జమాబందీ అనే శిస్తు లెక్కల తనిఖీలో కరణం లెక్క చదివితే ఎవరు ఎంత కట్టాలో తేలేది. జమీందారు అడ్డు తొలగడంతో రైతుకు ఎదురుగా మిగిలింది సర్కారు ఒక్కటే. భూమి తనదన్న ధీమా, శిస్తు పెంచే కలెక్టరు మీద అనుమానం ఒకే పద్ధతిలోంచి పుట్టాయి. ఈ మైదానపు రాజకీయాలకు చాలాకాలం ఇవే పునాది.

శిస్తు కట్టని ఊళ్లు

ఆ అనుమానం బహిరంగ ధిక్కారంగా మారింది 1921-22లో. ముందు చీరాల-పేరాలలో పురపాలక సంఘం వద్దని జనం మొరాయించారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఊరు వదిలి బయట రామనగర్ అనే పాకల ఊరు కట్టుకుని పదకొండు నెలలు గడిపారు. పల్నాడులో అడవిలో పశువుల మేతకు కట్టే పుల్లరి మీద సత్యాగ్రహం నడిచింది. చిలకలూరిపేటకు దగ్గరలోని పెదనందిపాడు ఫిర్కాలో రైతులు ఏకంగా భూమి శిస్తే ఆపేశారు.

పెదనందిపాడు పోరాటానికి పర్వతనేని వీరయ్య చౌదరి నాయకుడు. గ్రామాధికారులు రాజీనామా చేశారు. శిస్తు లెక్క కరణం చేతిలో, వసూలు మునసబు చేతిలో ఉండేవి. ఆ ఇద్దరూ తప్పుకుంటే సర్కారుకు ఊళ్లో చెయ్యీ కాలూ ఆడేవి కావు. వాలంటీర్లతో శాంతిసేన ఏర్పడింది. ప్రభుత్వం పోలీసులను దించి జప్తులకు పూనుకుంది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన తర్వాత గాంధీ శాసనోల్లంఘనను ఆపేయడంతో ఇక్కడి ఉద్యమమూ ముగిసింది.

పన్ను అంటే ఒప్పుకుంటేనే కట్టేది అన్న సూత్రాన్ని ఈ ఊళ్లు ఏ సిద్ధాంత గ్రంథమూ చదవకుండానే ఆచరణలో పెట్టాయి. అయితే ఉద్యమం లక్ష్యం స్వరాజ్యం. సర్కారు ఎవరిదన్నదే అప్పటి ప్రశ్న. స్వదేశీ సర్కారు ఎంతవరకు రావచ్చన్న ప్రశ్నకు ఇంకా సమయం రాలేదు.

ఆచార్య రంగా, స్వతంత్ర పార్టీ

ఆ ప్రశ్న వేసినవాడు ఎన్.జి. రంగా. 1900లో గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబంలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, మద్రాసులో అర్థశాస్త్రం బోధించి ఆచార్యుడన్న పేరు తెచ్చుకున్నాడు. 1930ల్లో నిడుబ్రోలులో రైతు విద్యాలయం నడిపాడు, వెంకటగిరి జమీందారీ రైతుల పక్షాన నిలిచాడు. 1936లో అఖిల భారత కిసాన్ సభ స్థాపకుల్లో ఒకడు. జమీందార్లతో, పరాయి సర్కారుతో తలపడిన ఈ నాయకుడు స్వాతంత్ర్యం వచ్చాక స్వదేశీ ప్రభుత్వపు ప్రణాళికలతో పేచీ పడ్డాడు. 1951లో కాంగ్రెసు వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టి, 1955లో మళ్లీ కాంగ్రెసులోకి వచ్చాడు.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెసు మహాసభ ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేసింది. రైతులు భూములను కలిపి ఉమ్మడిగా సాగు చేయాలన్నది దాని సారాంశం. పట్టా కాగితం మీద మిగులుతుంది, పొలం మీద నిర్ణయం మాత్రం సంఘానిది అవుతుందని రంగా భయం. ఆయన కాంగ్రెసుకు రాజీనామా చేశాడు. అదే ఏడాది జూన్‌లో మద్రాసులో స్వతంత్ర పార్టీ ప్రకటన వెలువడింది, ఆగస్టులో బొంబాయిలో మహాసభ జరిగింది. రాజగోపాలాచారి (రాజాజీ) దానికి పెద్ద దిక్కు, మినూ మసానీ ప్రధాన కార్యదర్శి, రంగా అధ్యక్షుడు. బొంబాయి పారిశ్రామికవేత్తలు, పాత సంస్థానాధీశులు, గుంటూరు పట్టాదారు రైతులు ఒకే గొడుగు కిందికి వచ్చారు. వీళ్లందరినీ కలిపింది ఆస్తి హక్కు. సర్కారు పెత్తనానికి ‘పర్మిట్-లైసెన్సు-కోటా రాజ్యం’ అని రాజాజీ పెట్టిన పేరు దేశమంతా పాకింది.

ఆ మాట మైదానంలో జనానికి తేలిగ్గా అర్థమైంది. సిమెంటుకు పర్మిటు, పంచదారకు పర్మిటు కావలసిన రోజులవి. 1957లో ఆంధ్ర, మద్రాసు, మైసూరు, కేరళలను కలిపి దక్షిణ బియ్యం మండలం ఏర్పరచినప్పుడు మద్రాసు గిరాకీ రైతుకు అందుబాటులో ఉండేది. 1960ల నడుమ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం మండలమయ్యాక హద్దు దాటి ధాన్యం అమ్మడం నేరమైంది. మిల్లర్ల దగ్గర సర్కారు లెవీ వసూలు చేసింది. 1964లో వచ్చిన 17వ రాజ్యాంగ సవరణ ‘ఎస్టేటు’ నిర్వచనంలోకి రైత్వారీ భూములను కూడా చేర్చింది. జమీందార్ల కోసం తయారైన చట్టం పట్టాదారుల దాకా వచ్చిందని రంగా పార్లమెంటులోనూ, బయట సభల్లోనూ పోరాడాడు.

1962 శాసనసభ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో స్వతంత్ర పార్టీకి 19 స్థానాలు, 1967లో గౌతు లచ్చన్న ముఖ్య నాయకుడుగా ఉండగా 29 స్థానాలు వచ్చాయి. లోక్‌సభలో ఆ ఏడాది దేశవ్యాప్తంగా 44. అయినా రంగా 1962లో సొంత జిల్లాలోని తెనాలిలోనే ఓడి, చిత్తూరు ఉప ఎన్నికలో గెలిచి సభకు వెళ్లాడు, 1967లో శ్రీకాకుళం నుంచి గెలిచాడు. 1971లో ఇందిరాగాంధీ గాలికి పార్టీ చెల్లాచెదురైంది. రంగా తిరిగి కాంగ్రెసులో చేరి 1980 నుంచి గుంటూరు సభ్యుడిగా కొనసాగాడు. 1973లో రాష్ట్రం భూసంస్కరణల చట్టం చేసి తరి భూమికి 10 నుంచి 27 ఎకరాలు, మెట్టకు 35 నుంచి 54 ఎకరాలు పరిమితి పెట్టింది. 1974లో స్వతంత్ర పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది.

పార్టీ బలంగా ఉన్న కాలంలోనే ఈ మైదానాన్ని మార్చింది సర్కారు కట్టిన ప్రాజెక్టు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కుడి కాలువకు నీళ్లు వదిలారు. వానకు చూసే మెట్ట భూములకు తడి దొరికింది. పన్నుల సర్కారు వద్దన్న ఊళ్లేవీ కాలువల సర్కారును కాదనలేదు.

రుమాలు కింద బేరం

భూమి విషయంలో కోరుకున్న స్వేచ్ఛను రైతులు మార్కెట్ విషయంలో కోరలేదు. కారణం మార్కెట్ నడిచిన తీరులో ఉంది. పాత సంతల్లో కొనేవాడూ దళారీ రుమాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర తేల్చుకునేవారు. రైతు పక్కనే నిలబడి ఉన్నా ఎంతకు తెగిందో అతనికి తెలిసేది కాదు. కాటా దగ్గర తరుగు, కొట్టు దగ్గర కమీషను, ముందుగా తీసుకున్న పెట్టుబడికి వడ్డీ పోగా మిగిలిందే చేతికొచ్చేది. అప్పిచ్చిన కొట్టుకే సరుకు తోలాలన్నది రాయని ఒప్పందం.

దీన్ని సరిచేయడానికి 1933లో మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం దాని స్థానం తీసుకుంది. ప్రకటించిన పంటలు యార్డులో అందరి ముందూ అమ్మాలి, తూకం సరిగా ఉండాలి, కొన్నవాడు మార్కెట్ ఫీజు కట్టాలి. మిరప టిక్కీలకు (బస్తాలకు) గుంటూరు యార్డు దేశంలోనే పేరుమోసింది. చట్టం వచ్చాకా కమీషన్ కొట్లు పోలేదు, పెట్టుబడి ఇచ్చేది అవే కాబట్టి.

పొగాకు కథ ఇంకా స్పష్టం. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ గుంటూరు, చీరాల కేంద్రాలుగా వర్జీనియా పొగాకును పెంచింది. కొనేవాళ్లు కొద్దిమంది. ఆకు రంగు చూసి గ్రేడు చెప్పేదీ, ధర చెప్పేదీ వాళ్లే. బ్యారన్‌లో కాల్చిన ఆకు దాచుకుంటే నాణ్యం పడిపోతుంది కాబట్టి రైతు బేరమాడలేడు. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది. 1984లో కర్ణాటకలో, 1985లో ఆంధ్రప్రదేశ్‌లో బోర్డు వేలం కేంద్రాలు మొదలయ్యాయి. బేళ్లు వరుసలో పెట్టి, అందరూ వింటుండగా ధర పలికించడం అక్కడ మొదట్లో ఉన్న పద్ధతి. అయితే ఈ బహిరంగ వేలానికి ఒక షరతు ఉంది. రైతు నమోదు చేయించుకోవాలి, బ్యారన్‌కు లైసెన్సు తీసుకోవాలి, బోర్డు అనుమతించినంతే పండించాలి. పొగాకు రైతుకు పోటీ మార్కెట్ దొరికింది రాజాజీ తిట్టిన లైసెన్సు ద్వారానే.

విత్తనం, పట్టా, నల్ల బర్లీ

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక విత్తన ప్యాకెట్టు ధరలో సాంకేతిక రుసుము వాటా ఎక్కువగా ఉండేది. 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు వెళ్లింది. 450 గ్రాముల ప్యాకెట్టు ధర 750 రూపాయలకు దిగింది. సర్కారు ధర కట్టడాన్ని పత్తి రైతులు స్వాగతించారు.

భూమి దగ్గర మాత్రం పాత పట్టుదల చెక్కుచెదరలేదు. ఆంధ్రప్రదేశ్ భూ హక్కుల చట్టం 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. హక్కు వివాదాలు సివిలు కోర్టు నుంచి అధికారుల చేతికి పోతాయన్న భయం ఊరూరా వ్యాపించి, 2024 ఎన్నికల్లో ప్రధానాంశమైంది. కొత్త శాసనసభ జూలైలో దాన్ని రద్దు చేసింది.

మరుసటి ఏడాదే ధరల దగ్గర అదే జనం వైఖరి రెండో వైపు తిరిగింది. 2025లో మిరప ధర పడిపోతే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించింది. పొగాకు బోర్డు పరిధిలోకి రాని నల్ల బర్లీ రకం పొగాకును కంపెనీల మాట మీద వేసిన పర్చూరు, చిలకలూరిపేట ప్రాంత రైతులు, కొనేవాళ్లు వెనక్కి తగ్గేసరికి సర్కారు కొనాలని రోడ్డెక్కారు. రాష్ట్ర సహకార మార్కెటింగ్ సమాఖ్య అయిన మార్క్‌ఫెడ్ కొనుగోళ్లకు దిగింది.

ఈ రెండు వైఖరులూ పట్టా ఉన్న రైతువి. స్వతంత్ర పార్టీ చెప్పిన స్వేచ్ఛ భూమి లేని కూలీకి, కౌలుదారుకు చేరలేదు. నేడు ఈ మైదానంలో పత్తి, మిరప పండించేవారిలో కౌలు రైతులు గణనీయంగా ఉన్నారు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు రావాలన్నా భూమి యజమాని ఒప్పుకోవాలి. ఆ కార్డు లేకపోతే బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం అందడం కష్టం. అందుకే కౌలుదారు ఇప్పటికీ పెట్టుబడి కోసం కమీషన్ కొట్టు మెట్లెక్కుతాడు, పంటను అదే కొట్టుకు తోలుతాడు.