ఖైదీ ప్రాణానికి సర్కారు పూచీ: కోయిలకుంట్ల తీర్పు దాకా, ఆ తర్వాత

నిర్బంధంలో ఉన్న మనిషి చనిపోతే అతని కుటుంబానికి ప్రభుత్వం నష్టపరిహారం కట్టాలన్న నియమాన్ని మన దేశంలో ఏ చట్టసభా చేయలేదు. అయినవాళ్లను పోగొట్టుకున్నవారు కోర్టు మెట్లెక్కి, ఏళ్లకేళ్లు తిరిగి, ఒక్కో తీర్పుగా సాధించుకున్న హక్కు అది.

వారికి అడ్డు నిలిచిన సూత్రం బ్రిటిష్ పాలన నాటిది. కలకత్తా దగ్గర కిద్దర్‌పూర్‌లో ప్రభుత్వ నౌకాశాల పనివాళ్లు మోస్తున్న ఇనుప సామాను రోడ్డు మీద పడింది. ఆ చప్పుడుకు బెదిరి పి అండ్ ఓ స్టీమ్ నావిగేషన్ కంపెనీవారి బండి గుర్రం గాయపడింది. 1861లో ప్రధాన న్యాయమూర్తి బార్న్స్ పీకాక్ కంపెనీకి అనుకూలంగానే తీర్పిచ్చారు కానీ, అందులో ఒక గీత గీశారు. వ్యాపారం లాంటి పనుల్లో తప్పు జరిగితే సర్కారుదే బాధ్యత. రాజ్యాధికారంతో మాత్రమే చేయగల పనుల్లో జరిగితే దావాకు తావులేదు. పోలీసు, జైళ్లు రెండో కోవలోకి వెళ్లాయి. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం 300వ అధికరణం పాత స్థితినే కొనసాగించింది.

ఆ గీత ఎంత అన్యాయం చేయగలదో కస్తూరిలాల్ కేసు చూపింది. 1947లో మీరట్ పోలీసులు ఒక వ్యాపారి బంగారాన్ని స్వాధీనం చేసుకుంటే, దాన్ని కాజేసి హెడ్ కానిస్టేబుల్ పాకిస్తాన్ పారిపోయాడు. అయినా సర్కారు కట్టనక్కర్లేదని సుప్రీంకోర్టు తేల్చింది. ఈ స్థితిని మార్చడానికి చట్టం చేయండని ప్రధాన న్యాయమూర్తి గజేంద్రగడ్కర్ అదే తీర్పులో కోరారు. లా కమిషన్ తన మొదటి నివేదికలోనే, 1956లో, ఆ మాట చెప్పింది. తర్వాత పార్లమెంటుకు వచ్చిన బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది.

అలాంటి రోజుల్లో, 1977 మే 5 అర్ధరాత్రి దాటాక, కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైల్లో ఏడో నంబరు గదిలోకి కొందరు బాంబులు విసిరారు. అందులో రిమాండులో ఉన్న చల్లా చిన్నప్పరెడ్డి ప్రాణం పోయింది. అదే గదిలో ఉన్న కొడుకు రామకృష్ణారెడ్డి గాయాలతో బయటపడ్డారు. తండ్రీకొడుకులిద్దరూ విచారణ ఖైదీలు, వారిపై నేరం రుజువు కాలేదు. కుటుంబం 10 లక్షలకు దావా వేసింది. జైలు నడపడం రాజ్యాధికార విధి కాబట్టి తమకు బాధ్యత లేదని ప్రభుత్వం వాదించింది. గడువు దాటిందంటూ కింది కోర్టు దావా కొట్టేసింది.

అప్పీలు మీద ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తరఫున జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి రాసిన తీర్పు 1989 నాటి న్యాయ నివేదికల్లో ఉంది. మన నేల మీద పుట్టిన తీర్పుల్లో ఇంత ధైర్యమైనవి తక్కువని నా నమ్మకం. 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కు పాత రాజ్యాధికార రక్షణకు లోబడదని ఆయన తేల్చారు. ఆ హక్కు రాజ్యాన్నే కట్టడి చేయడానికి పుట్టింది, దానికి జవాబుగా మళ్లీ రాజ్యాధికారాన్నే చూపడం చెల్లదు. 1,44,000 రూపాయలు వడ్డీతో కట్టమని డిక్రీ ఇచ్చారు. రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఖైదీ అయినంత మాత్రాన మనిషి మనిషి కాకుండా పోడని, కస్తూరిలాల్ తీర్పుకు ఇక కట్టుబడనక్కర్లేదని 2000 ఏప్రిల్‌లో ఆ కోర్టు అంది. అప్పటికి బాంబులు పడి 23 ఏళ్లు.

ఈలోగా రిట్ దారి, అంటే దావా వేయకుండా హక్కుల ఉల్లంఘన మీద నేరుగా పై కోర్టును ఆశ్రయించే దారి, తెరుచుకుంది. నిర్దోషిగా తేలాక కూడా బిహార్ జైల్లో 14 ఏళ్లు మగ్గిన రుదుల్ షాకు 1983లో సుప్రీంకోర్టు రిట్ పిటిషన్ మీదే పరిహారం ఇప్పించింది. కస్టడీ మరణాలకు అసలైన మలుపు ఒడిశా తల్లి నీలబతి బెహరా రాసిన ఉత్తరం. 1987 డిసెంబరులో దొంగతనం విచారణ పేరుతో జెరైకెలా అవుట్‌పోస్టుకు తీసుకెళ్లిన ఆమె 22 ఏళ్ల కొడుకు మర్నాడు ఒంటినిండా గాయాలతో రైలు పట్టాల మీద శవమై కనిపించాడు. కట్టిన తాడు కొరుక్కుని పారిపోయాడని పోలీసులు చెప్పారు. కోర్టు నమ్మలేదు. రిట్‌లో హక్కుల ఉల్లంఘనకు ఇచ్చే పరిహారానికి రాజ్యాధికార రక్షణ అడ్డురాదని 1993లో జస్టిస్ జె.ఎస్. వర్మ స్పష్టంగా రాసి, లక్షన్నర ఇవ్వమన్నారు. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టుకు నియమాలు పెట్టింది: సాక్షి సంతకంతో అరెస్టు మెమో, బంధువులకు కబురు, 48 గంటలకోసారి వైద్య పరీక్ష.

2017లో సుప్రీంకోర్టులో జస్టిస్ మదన్ లోకూర్ బెంచి ఇంకో అడుగు వేసింది. 2012 నుంచి 2015 దాకా జైళ్లలో అసహజంగా చనిపోయినవారి కుటుంబాలను గుర్తించి, తగినంత అందనివారికి పరిహారం ఇప్పించడానికి హైకోర్టులే స్వయంగా కేసు చేపట్టాలంది. ఉత్తరం రాయడం కూడా తెలియని తల్లులకు ఇంతకంటే అవసరమైన ఉత్తర్వు లేదు.

అయినా కుటుంబం మోయాల్సిన అసలు బరువు రుజువుది. గోడల లోపల ఏం జరిగిందో చెప్పగలిగేది అక్కడి సిబ్బంది, లేదా వారి చేతికింద ఉన్న తోటి ఖైదీలు. కస్టడీలో గాయం కనిపిస్తే అది పోలీసు అధికారి చేసిందేనని కోర్టు భావించేలా సాక్ష్య చట్టంలో 114బి సెక్షన్ చేర్చాలని లా కమిషన్ 113వ నివేదిక 1985లోనే సిఫార్సు చేసింది. 2023లో సాక్ష్య చట్టం స్థానంలో కొత్తది తెచ్చినప్పుడూ ఆ నిబంధనకు చోటు దొరకలేదు.