మూలకముల పట్టికలోని ఖాళీ గళ్లు

రసాయనశాస్త్రము నేర్చుకొను బాలురు మొట్టమొదట కంఠస్థము చేయునది మూలకముల పట్టిక. ఉదజని, హీలియము, లిథియము, బెరీలియము అని శతకపద్యములవలె వల్లించి, పరీక్ష ముగిసిన మఱునాడే మఱచిపోవుదురు. దోషము బాలురది కాదు. పాఠశాలలో గోడకు వ్రేలాడు ఆ పట్టికయందు నేడు 118 గళ్లు గలవు, అన్నియు నిండియున్నవి. నిండిన పట్టికను చూచువానికి అది యేదో యొక్కమాఱుగ ఆకాశమునుండి దిగివచ్చినట్లు తోచును. దానిలో పెక్కు గళ్లను గూర్చి తగవులు జరిగినవనియు, దానికి లోకమున గౌరవము వచ్చినది మొదట దానిలో నుండిన ఖాళీలవలననే యనియు తోచదు. ఆ ఖాళీల చరిత్రమును కొంచెము చెప్పవలయునని నా కోరిక.

పరమాణువను మాట వినగనే మనలో కొందఱు కణాదమహర్షిని తలచుకొని, ఇదియంతయు మనవారికి పూర్వమే తెలిసినదని తృప్తి పడుదురు. మాట వైశేషికులదే; దానిని మనము సంతోషముగ వాడుకొనుచున్నాము. కాని వారి పరమాణువులు పృథివి, జలము, తేజస్సు, వాయువు అను నాలుగు తెగలవి. ఆ దర్శనమున గొప్ప తర్కము గలదు, త్రాసు లేదు. జలము మూలద్రవ్యము కాదనియు, రెండు వాయువుల కలయిక యనియు తేలినది 18వ శతాబ్దము చివర. 1789లో లవోయిజే ప్రకటించిన మూలద్రవ్యముల జాబితాలో 33 పేర్లుండగా, వానిలో వెలుగును వేడిమియు గూడ చేరియుండెను. కాబట్టి పొరపాటు పడుట మనవారి సొత్తు కాదు. ఆ జాబితాను త్రాసు దిద్దుచు వచ్చినది, అదియే భేదము.

పరమాణువునకు బరువు కట్టవలయునని పూనుకొన్నవాడు జాన్ డాల్టను. ఈతడు ఇంగ్లండున నొక నేతగాని కుమారుడు, బడిపంతులు. 1808లో ఆయన గ్రంథము వెలువడెను. నీటిని విడదీసినచో ఉదజని 1 వంతునకు ఆమ్లజని ఇంచుమించు 8 వంతుల బరువుండును. ఆనాటి కొలతలు మోటవి గనుక డాల్టనుకు 7 వచ్చెను. అది యటుండనిండు. నీటిలో ఉదజని పరమాణువొకటి, ఆమ్లజని పరమాణువొకటి యున్నవని యూహించినచో ఆమ్లజని పరమాణుభారము 8 అగును. ఉదజనులు రెండున్నవన్నచో 16 అగును. ఏది నిజమో త్రాసు చెప్పజాలదు. డాల్టను సులభమైన యూహనే గైకొనెను. సమాన పరిమాణములుగల వాయువులలో అణువుల సంఖ్య సమానముగ నుండునని 1811లో ఇటలీ దేశీయుడగు అవొగాడ్రో చెప్పిన మాటతో ఈ చిక్కు విడిపోవలసినది. కాని దానిని యాబది యేండ్లవఱకు పట్టించుకొన్నవారు అరుదు. ఒకడు 8 అనును, మఱియొకడు 16 అనును. 1861లో కెకులే తన పాఠ్యగ్రంథమున, పులిసిన కాడిలో నుండు ఎసిటికామ్లమునకు వాడుకలోనున్న సూత్రములను 19 ఎత్తి చూపెను. ఒక్క వస్తువునకు పందొమ్మిది సూత్రములు!

ఈ గందరగోళమును తీర్చుటకై 1860 సెప్టెంబరులో జర్మనీయందలి కార్ల్‌స్రూహె పట్టణమున ఐరోపా రసాయనికులు సభచేసిరి. మూడు దినములు వాదించి యే నిర్ణయమునకును రాకయే లేచిపోయిరి. అయినను ఇటలీనుండి వచ్చిన కన్నిజారో అవొగాడ్రో మాటను పునరుద్ధరించి వ్రాసిన చిన్న పుస్తకమును అతని మిత్రుడొకడు సభికులకు పంచిపెట్టెను. ఇండ్లకు పోయి దానిని చదివినవారికి సందేహములు తీఱినవి. వచ్చినవారిలో ఇరువదియాఱేండ్ల రుషియా యువకుడొకడు, దిమిత్రి మెండలీవ్, ఉండెను.

పరమాణుభారములు కుదుటబడగనే వానిని వరుసగ పేర్చి చూడవలయునన్న యూహ పలువురకు కలిగినది. అంతకు పూర్వమే, 1829లో, డోబరైనరు ముమ్మూడు మూలకముల జట్లను గుర్తించియుండెను: లిథియము, సోడియము, పొటాసియము, క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్. ప్రతి జట్టునందును నడిమిదాని భారము తక్కిన రెంటి సగటునకు చేరువగ నుండును. తరువాత లండనున న్యూలండ్సు అనువాడు, స రి గ మ ప ద ని ముగియగనే మరల షడ్జము వచ్చునట్లు, ప్రతి యెనిమిదవ మూలకమునందును మొదటిదాని గుణములు మరల కనబడుచున్నవనెను. 1866లో రసాయనికుల సంఘమున దీనిని చదువగా సభ్యుడొకడు, అక్షరక్రమమున పేర్చి చూచితివా యని యెగతాళి చేసెను. సంఘము వారు ఆ వ్యాసమును అచ్చువేయలేదు. ఎగతాళి అన్యాయమే. ఇరువదియొక్క సంవత్సరములకు, 1887లో, రాయల్ సొసైటీవారు ఆయనకు పతకమిచ్చి ఆ తప్పు దిద్దుకొనిరి. కాని న్యూలండ్సు పట్టికలో నిజముగనే యొక లోపముండెను. అతడు ఖాళీ విడువలేదు. అందుచేత లోహములగు కోబాల్టు, నికెలు పోయి క్లోరిన్ కుటుంబమున, ఒకే గడిలో, కూర్చుండవలసివచ్చెను.

మెండలీవు సైబీరియాలోని తొబోల్స్కులో 1834లో పుట్టెను. తండ్రి అంధుడుకాగా తల్లి మారియా గాజు కార్ఖానా నడిపి బిడ్డలను పోషించెను. 1848లో కార్ఖానా తగులబడిపోయెను. ఆమె కడపటి బిడ్డను వెంటగొని వేలకొలది మైళ్లు ప్రయాణముచేసి మాస్కోకు పోగా అచట విశ్వవిద్యాలయమున చేర్చుకొనలేదు. 1850లో పీటర్సుబర్గున అతనిని కళాశాలలో చేర్చి, ఆ సంవత్సరమే ఆమె కన్ను మూసెను. ఆవర్తన నియమమును కనిపెట్టినవాని చరిత్రలో ఈ తల్లిని గూర్చి రెండు వాక్యములైన లేకుండుట నాకు సరిపడదు.

1869 నాటికి తెలిసిన మూలకములు 63. మెండలీవు విద్యార్థులకై పాఠ్యగ్రంథము వ్రాయుచు, ఏ మూలకము తరువాత దేనిని చెప్పవలయునో తోచక, వానిని భారముల ననుసరించి పేర్చసాగెను. పట్టిక కలలో కనబడినదని చెప్పుదురు. కథ యింపుగనున్నది, కాని కొట్టివేతలతో, దిద్దుబాట్లతో నిండిన ఆయన చిత్తు కాగితము నేటికిని గలదు. నేనైతే కలకంటె కాగితమునే నమ్ముదును.

ఆయన చేసిన సాహసములు రెండు. భారము చెప్పిన చోట గుణము కుదురనిచో, ఆ భారమే తప్పని పలికెను. యురేనియమునకు అందఱును 120 అనుచుండగా ఈయన దానిని రెట్టించి 240 అనెను. బెరీలియమునకు 14కు చేరువగ చెప్పుచున్న భారమును 9కి దించెను. రెండును నిజమైనవి. రెండవ సాహసము ఖాళీలు విడుచుట. ఇచట నొక మూలకముండవలయును, మనకింకను దొరకలేదు, అని గడి నట్లే యుంచెను. అంతటితో ఆగక 1871లో ఆ దొరకనివాని గుణములను గూడ వ్రాసిపెట్టెను. వానికి పేర్లు పెట్టుటకు మన సంస్కృతపు సంఖ్యావాచకమునే తీసికొనెను: ఏక-అల్యూమినియము, ఏక-బోరాను, ఏక-సిలికాను. మాట మనదని మురియవచ్చును. ఆ గడిని నింపిన శ్రమ మాత్రము ఇతరులది.

1875లో ఫ్రాన్సున లెకోక్ ద బువాబోద్రాను గాలియమును కనుగొని, దాని సాంద్రత 4.7 అని ప్రకటించెను. మెండలీవు ఆ లోహమును కంటితో చూడలేదు. అయినను, అది నా ఏక-అల్యూమినియమే, సాంద్రత 5.9కి చేరువగ నుండవలయును, మరల శుద్ధిచేసి చూడుడని వ్రాసెను. చేతిలో లోహమున్నవానికి చేతిలో కాగితముమాత్ర మున్నవాడు పాఠము చెప్పుట! శుద్ధిచేసి తూచగా 5.9 వచ్చెను. 1879లో స్కాండియము, 1886లో జర్మేనియము దొరకినవి. ఏక-సిలికాను భారము 72 అని మెండలీవు చెప్పగా, జర్మేనియము భారము 72.6. నాటినుండి పట్టికను శంకించువారు తగ్గిరి.

అయితే ఆయన ఊహింపని ఖాళీ యొకటి యుండెను. అది గడి కాదు. ఒక నిలువు వరుస యంతయు. దాని కథ కొంత తెలుగునేలమీద జరిగినది.

1868 ఆగస్టు 18వ తేది సంపూర్ణ సూర్యగ్రహణము గుంటూరు, మచిలీపట్టణములమీదుగ పోయెను. మనవారు స్నానములకు పోవు వేళ ఐరోపా జ్యోతిశ్శాస్త్రజ్ఞులు దూరదర్శినులు నిలిపికొని గుంటూరున వేచియుండిరి. మనవారందఱును స్నానములకే పోయిరనరాదు. మదరాసు నక్షత్రశాలయందలి చింతామణి రఘునాథాచార్యులు ఆ గ్రహణమునకే వనపర్తికి పోయిరి. గుంటూరున ఫ్రెంచి పండితుడు జాన్సెన్ సూర్యుని చుట్టు లేచు జ్వాలల వర్ణపటమును చూచి, గ్రహణము లేకున్నను వానిని చూడవచ్చునని గ్రహించి, మఱునాడే చూచెను. హీలియము గుంటూరున కనుగొనబడినదని తఱచుగ వ్రాయుదురు. అది కొంచెము మితిమీరిన మాట. జాన్సెన్ కనుగొన్నది ఆ యుపాయము. మచిలీపట్టణమున పాగ్సన్, సోడియపు గీతవద్దనో దానికి సమీపముననో పసుపు గీత యొకటి కనబడినదని వ్రాసికొనెను. ఆ అక్టోబరులో ఇంగ్లండున లాకియరు, గ్రహణము లేకయే జ్వాలలను చూచి, ఆ గీత సోడియముది కాదని తేల్చెను. సూర్యునిలో నున్నది గనుక గ్రీకు భాషలోని సూర్యనామమును బట్టి హీలియమని పేరు వచ్చినది. భూమిమీద లేని మూలకమేమని పలువురు నవ్విరి.

1890ల మొదట రేలీ ప్రభువు నత్రజనిని తూచుచుండెను. గాలినుండి తీసిన నత్రజని లీటరు 1.2572 గ్రాములు, అమ్మోనియానుండి తీసినది 1.2505 గ్రాములు. భేదము ఏడు మిల్లిగ్రాములైనను లేదు. మఱియొకడైన త్రాసును నిందించి యూరకుండును. రేలీ యూరకుండక రామ్సేతో కలిసి వెదకగా, 1894లో గాలిలో దేనితోను కలియని క్రొత్త వాయువు, ఆర్గాను, బయటపడెను. మఱుసటి యేడు రామ్సే యొక యురేనియపు ఖనిజమును ఆమ్లముతో కలుపగా వచ్చిన వాయువులో ఆ సూర్యుని పసుపుగీతయే కనబడెను. 1898లో నియాను, క్రిప్టాను, జెనాను వచ్చి చేరినవి.

వీనికి పట్టికలో చోటు లేదు. అప్పుడు మెండలీవు ఏమి చేసెను? ఇతరుల కొలతలను ధైర్యముగ దిద్దిన ఆ మహానుభావుడు, ఆర్గాను క్రొత్త మూలకము కాదనియు, నత్రజని పరమాణువులే మూడు కలిసిన రూపమై యుండుననియు చాలకాలము వాదించెను. కడకు పట్టికకు క్రొత్త వరుస చేర్చుటకు ఒప్పుకొనెను. తన నియమము దానివలన చెడక బలపడినదని సంతోషించెను. పిదప నీథరు గూడ ఉదజనికంటె తేలికయైన మూలకమని వ్రాసి, 1907లో మరణించెను. అట్టి మూలకము లేదు. ఆయన పేరును చూచి దానిని పట్టికలో నెవ్వరును ఉంచలేదు. ఆయన పట్టికను ఎవ్వరును పాఱవేయలేదు.

ఇంకొక చిక్కు మిగిలెను. టెల్లూరియము భారము 127.6, అయొడిన్ భారము 126.9. భారము చొప్పున అయొడిన్ ముందు రావలయును. గుణముల చొప్పున వెనుక రావలయును. మెండలీవు గుణములనే నమ్మి, టెల్లూరియము భారమును తప్పు తూచిరనెను. భారము తప్పు కాదు. 1913లో మోస్లీ యను యువకుడు మూలకములనుండి వెడలు ఎక్సుకిరణములను కొలిచి, అవి మెట్లవలె ఒక్కొక్కటిగ పెరుగుచున్నవనియు, వరుసకు ఆధారము భారము గాక పరమాణు కేంద్రమందలి విద్యుత్తనియు చూపెను. టెల్లూరియము 52, అయొడిన్ 53. ఆర్గాను 18, దానికంటె తేలికయైన పొటాసియము 19. ఇంక ఖాళీలు ఎన్నియో వ్రేళ్లమీద లెక్కింప వీలయ్యెను: 43, 61, 75 అని ఆయన చూపెను. మూడును తరువాత నిండినవి. చూచుటకు ఆయన లేడు. 1915 ఆగస్టు 10వ తేది గల్లిపొలి యుద్ధమున గుండు తగిలి మరణించెను. వయస్సు 27.

గుణములు ఏల మరల మరల వచ్చును? 1916లో కాసెలును లూయిసును చెప్పిన సమాధానము ఆ యెదురుచూడని వరుసలోనే యున్నది. పరమాణువు వెలుపలి కక్ష్యలో ఎలక్ట్రానులు ఎనిమిదియైనచో (హీలియమునకు రెండు చాలును) అది తృప్తిపడును. నియాను, ఆర్గాను అట్టివి గనుకనే దేనితోను కలియవు. సోడియమునకు వెలుపల నొకటి యెక్కువ, క్లోరినునకు ఒకటి తక్కువ. ఒకటి యిచ్చును, ఒకటి పుచ్చుకొనును, ఉప్పగును. ఆమ్లజనికి రెండు తక్కువ గనుక రెండు ఉదజనులతో పొత్తు పెట్టుకొనును. డాల్టను త్రాసు చెప్పజాలని సంగతికి కారణము నూఱేండ్ల పిదప ఇట్లు తెలిసెను.

ఈ నియమమును గూడ జనులు మితిమీరి నమ్మిరి. ఆ వరుసలోని వాయువులు దేనితోను కలియనే కలియవని పాఠ్యగ్రంథములు దృఢముగ పలికెను. 1962లో కెనడాయందు నీల్ బార్ట్‌లెట్టు, ప్లాటినము ఫ్లోరినుల ఎఱ్ఱని వాయువు ఆమ్లజనినుండియే ఎలక్ట్రానును లాగుట చూచి, జెనానునుండి లాగుటకును అంతే శక్తి చాలునని లెక్కగట్టి, రెండు వాయువులను కలిపెను. పసుపుపచ్చని ఘనపదార్థ మేర్పడెను. పిమ్మట క్రిప్టానును లొంగెను. హీలియముతో మాత్రము, సాధారణ పీడనమున నిలుచు సమ్మేళనమును ఇంతవఱకు నెవ్వరును చేయజాలలేదు.