ఫతే మైదాన్ స్కోరు కార్డు: 1955

స్కోరు కార్డు క్రికెట్ మ్యాచ్‌కు ఖాతా పుస్తకం. ఎవరెన్ని పరుగులు చేశారు, ఎవరు ఎలా ఔటయ్యారు, ఎవరెన్ని ఓవర్లు వేశారు అన్నది అందులో అంకెల్లో ఉంటుంది. గనిలో మస్టర్ (హాజరు) పడని రోజు పనిరోజుగా లెక్కకు రానట్టే, కార్డుకెక్కని పరుగు చరిత్రకెక్కదు.

మొదట్లో ఇంగ్లండ్‌లో పరుగుల లెక్కకు కర్రమీద కత్తితో గాట్లు పెట్టేవారు. జట్టు మొత్తం తెలిసేది కానీ ఏ పరుగు ఎవరిదో తెలిసేది కాదు. ఆటగాళ్ల వారీ పరుగులతో నేటికి మిగిలిన తొలి పూర్తి స్కోరు కార్డు 1744లో లండన్ ఆర్టిలరీ గ్రౌండ్‌లో కెంట్, ఆల్ ఇంగ్లండ్ జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌ది. బౌలర్ల లెక్కలు పూర్తిగా చేరింది 19వ శతాబ్దంలోనే. అదే శతాబ్దంలో ఇంగ్లండ్‌లో పుట్టిన హెన్రీ చాడ్విక్ అమెరికాలో పత్రికా రచయితగా ఉంటూ, క్రికెట్ కార్డు పద్ధతిలోనే బేస్‌బాల్ మ్యాచ్‌కు ‘బాక్స్ స్కోరు’ను తీర్చిదిద్దాడు.

మన దేశంలో తెలుగువారి పేరు కార్డులో మార్మోగింది 1926లో. బొంబాయిలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద హిందూస్ జట్టు తరఫున సి.కె. నాయుడు 11 సిక్సర్లతో 153 పరుగులు చేశారు. 1932లో భారత్ ఆడిన తొలి టెస్టుకు కెప్టెన్ ఆయనే. హైదరాబాద్‌లో 1930-31లో మొయినుద్దౌలా గోల్డ్ కప్ టోర్నీ మొదలైంది. 1937-38 రంజీ ఫైనల్లో నవానగర్ 152, 270 చేయగా హైదరాబాద్ తొలి ఇన్నింగ్స్‌లో 113కే కుప్పకూలింది. అయినా 310 పరుగుల లక్ష్యాన్ని 9 వికెట్లు పోగొట్టుకుని అందుకుంది. అందులో ఎడుల్జీ ఐబారా చేసినవి 137, నాటౌట్.

హైదరాబాద్‌లో తొలి టెస్టు 1955 నవంబర్ 19న న్యూజిలాండ్‌తో ఫతే మైదాన్‌లో మొదలైంది. భారత జట్టుకు హైదరాబాదీ గులాం అహ్మద్ కెప్టెన్.

ఆ మ్యాచ్‌లో భారత ఇన్నింగ్స్ కార్డులో ఉన్నవి ఆరు పేర్లే: మన్కడ్ 30, పంకజ్ రాయ్ 0, ఉమ్రీగర్ 223, మంజ్రేకర్ 118, కృపాల్ సింగ్ 100 నాటౌట్, రామ్‌చంద్ 12 నాటౌట్. వీటికి ఎక్స్‌ట్రాలు 15 కలిపితే 498. నాలుగు వికెట్లకు డిక్లేర్ చేసిన మొత్తం అదే. ప్రతి ఇన్నింగ్స్ చివరా స్కోరర్లు ఇలాగే కూడి సరిచూస్తారు. ఒక్క పరుగు తేడా వచ్చినా పుస్తకం మూయరు. టెస్టుల్లో భారతీయుడు చేసిన తొలి డబుల్ సెంచరీ ఉమ్రీగర్‌ది. కృపాల్ సింగ్‌కు అదే తొలి టెస్టు.

బౌలింగ్ వైపు చూస్తే సుభాష్ గుప్తే వరుస కనిపిస్తుంది: 76.4 ఓవర్లు, 35 మెయిడెన్లు, 128 పరుగులు, 7 వికెట్లు. పరుగు రాని బంతికి స్కోరరు చుక్క పెడతాడు. ఆరు చుక్కలూ వరుసగా పడితే వాటిని గీతతో కలిపి ‘ఎమ్’ చేస్తాడు. గుప్తే గడుల్లో అలాంటివి 35 ఉన్నాయంటే ఆయన ఓవర్లలో దాదాపు సగం పరుగే ఇవ్వలేదన్నమాట. అయినా న్యూజిలాండ్ నిలబడింది. జాన్ గై 102తో తొలి ఇన్నింగ్స్‌లో 326 చేసి ఫాలో ఆన్ ఆడింది. రెండో ఇన్నింగ్స్‌లో బెర్ట్ సట్‌క్లిఫ్ 137 నాటౌట్‌గా నిలవగా 2 వికెట్లకు 212 చేసి డ్రా చేసుకుంది.

ఒక కార్డు విలువ పక్కన మరో కార్డు పెడితే ఇంకా బాగా తెలుస్తుంది. ఫతే మైదాన్‌లో మన్కడ్, రాయ్ జోడీ ఒక్క పరుగుకే విడిపోయింది. అదే సిరీస్‌లో 1956 జనవరిలో మద్రాసులో ఆ ఇద్దరే తొలి వికెట్‌కు 413 పరుగులు జోడించారు. ఆ రికార్డు 2008 దాకా చెక్కుచెదరలేదు. ఉమ్రీగర్ 223ను బొంబాయి టెస్టులో మన్కడ్ సమం చేసి, మద్రాసులో 231తో దాటాడు.

1967లో లాల్ బహదూర్ స్టేడియంగా పేరు మారిన ఫతే మైదాన్‌లో తర్వాత 1969, 1988లలో జరిగిన రెండు టెస్టులూ న్యూజిలాండ్‌తోనే. 2010లో ఉప్పల్‌లో జరిగిన తొలి టెస్టులోనూ ప్రత్యర్థి న్యూజిలాండే. అప్పటికి ప్రతి బంతి లెక్కా కంప్యూటర్‌లో నమోదవుతోంది.

అయితే కంప్యూటర్ చేరని మైదానాలు ఇంకా ఉన్నాయి. బొగ్గు గనుల కాలనీల్లో ఆడే టోర్నీల లెక్కలు చాలావరకు నోటు పుస్తకాల్లోనే ఉంటాయి. మ్యాచ్ అయ్యాక వాటిని పారేయకుండా భద్రపరచాలి. ఏ కుర్రాడు ఏ ఏడాది ఎంత బాగా ఆడాడో రేపు చెప్పగలిగేది ఆ పుస్తకమే.