పట్నం దారి పట్టిన కడుపు జబ్బు

2007 ఏప్రిల్ 1న నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పథకాన్ని తొలుత మూడు జిల్లాల్లో మొదలుపెట్టింది: మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పటికి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలోనివే. అప్పట్లో తెల్లకార్డున్న కుటుంబానికి ఏడాదికి 2 లక్షల రూపాయల దాకా వైద్యం ఉచితంగా అందేది. జాబితాలో క్యాన్సర్ ఉండేది. కరువుకూ వలసకూ పేరుపడ్డ జిల్లాలో, చెక్క పొలం అమ్ముకోకుండా పెద్దాసుపత్రి గడప తొక్కే వీలు ఎందరికో అలా దొరికింది.

అంతకుముందు క్యాన్సర్ అంటే పట్నం పోవడమే. 1955లో హైదరాబాద్‌లో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రికి, అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా పనిచేసి తర్వాత గుజరాత్ తొలి గవర్నరైన మెహదీ నవాజ్ జంగ్ పేరుంది. జనం నోట అది ఎం.ఎన్.జె. గద్వాల వైపు నడిగడ్డ ప్రాంతం వాళ్లలో కొందరు తుంగభద్ర దాటి కర్నూలు వెళ్లేవారు. దారి ఏదైనా, బయల్దేరేసరికే ఆలస్యమయ్యేది.

ఆలస్యానికి కారణం కడుపు క్యాన్సర్ తీరులోనే ఉంది. కడుపులో మంట, తేన్పులు, ఆకలి మందగించడం: ఇవన్నీ గ్యాస్ అనుకుని మాత్రలతో నెలలు నెట్టుకొచ్చేవే. లోపల క్యాన్సర్ కణం మాత్రం ఆగదు. 1881లో వియన్నాలో బిల్‌రోత్ అనే సర్జన్ క్యాన్సర్ సోకిన కడుపు భాగాన్ని కోసి తీసి, మిగిలినదాన్ని పేగుకు కలిపాడు. ఆపరేషన్ నెగ్గింది. రోగి మాత్రం కొన్ని నెలలకే, క్యాన్సర్ వ్యాపించి చనిపోయింది.

కణం ఎలా కదులుతుందన్న ప్రశ్నకు జవాబు శతాబ్దం తర్వాత దొరకసాగింది. 1993లో అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్ ఒక సూక్ష్మ పురుగులో, జన్యువుల ఆదేశాలను అణిచిపెట్టే చిన్న ఆర్ఎన్ఏ పనితీరును బయటపెట్టారు. సుమారు 22 అక్షరాల పొడవుండే ఈ మైక్రోఆర్ఎన్ఏలను కనిపెట్టినందుకు ఆ ఇద్దరికీ 2024లో నోబెల్ వచ్చింది. కడుపు గోడ కణాలను ఇ-క్యాడ్‌హెరిన్ అనే ప్రొటీన్, ఇటుకల మధ్య సున్నంలా, పట్టి ఉంచుతుంది. ఆ ప్రొటీన్‌ను జెబ్1, జెబ్2 అనే మరో రెండు ప్రొటీన్లు తగ్గిస్తాయి. మైక్రోఆర్ఎన్ఏల్లోని మిర్-200 కుటుంబం ఆ రెంటినీ అదుపులో పెడుతుంది. మిర్-200 తగ్గితే పట్టు సడలుతుంది, కణం కదులుతుంది. కడుపు క్యాన్సర్‌లో మిర్-21 అనే మరో మైక్రోఆర్ఎన్ఏ పెరుగుతుంది; చుట్టూ ఉన్న కణజాలాన్ని కరిగించే ఎంజైములకు కళ్లెం వేసే రెక్ ప్రొటీన్‌ను అది తగ్గిస్తుంది.

అంటే మనిషి పట్నం బస్సెక్కేలోపే కణం తన ప్రయాణం మొదలుపెట్టి ఉండవచ్చు. పాలమూరు ఆలస్యం ఎందుకు ప్రాణాంతకమో ఈ పరిశోధన కణం స్థాయిలో చెబుతోంది. కడుపు క్యాన్సర్‌ను ముందే పసిగట్టేందుకు సింగపూర్‌లో 12 మైక్రోఆర్ఎన్ఏలను కొలిచే రక్తపరీక్ష వచ్చింది. అయినా జబ్బును తేల్చేది గొట్టం వేసి చూసే ఎండోస్కోపీ, ముక్క పరీక్షలే.

2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరుచుకున్నాయి. ఆ కళాశాలల ఆసుపత్రుల్లో ఎండోస్కోపీ రోజూ, ఉచితంగా అందేలా ప్రభుత్వం చూడాలి. బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా, ముద్ద మింగుడు పడకున్నా గ్యాస్ మాత్రతో సరిపెట్టుకోకండి, డాక్టర్‌కు చూపించుకోండి.