నిజాం రైల్వే ఫైరింజనూ, పాతబళ్ల ఆదివారమూ

ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక 1964లో మొదలుపెట్టిన వింటేజ్ కార్ల ర్యాలీ అంటే జమీందారీ సరదా అని కొట్టిపారేసేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ అందులో పాల్గొంటూ వచ్చిన ఒక బండిని ఏ రాజావారూ ఎక్కి ఊరేగలేదు. అది 1914లో ఇంగ్లండులోని జాన్ మోరిస్ కంపెనీ తయారుచేసిన ఫైరింజన్. కొన్నది మన నిజాం స్టేట్ రైల్వే. ట్యూబుల్లేని గట్టి రబ్బరు టైర్ల మీద, రాళ్లబాటలో ఎడ్లబండిలా కుదుపుతూ నడిచే ఈ యంత్రం ఇప్పుడు చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉంది. భద్రంగా ఉన్నదాన్ని రోడ్డెక్కించడం ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఈ ప్రయాణాల చరిత్రలోనే దొరుకుతుంది.

1896 నవంబరు 14న లండన్ నుంచి బ్రైటన్‌కు మోటారు బళ్లు బారులు తీరాయి. గుర్రం లేని బండికి వేగం పెంచుకునే వీలిచ్చిన కొత్త చట్టం ఆరోజే అమల్లోకి వచ్చింది. అమెరికాలో 1905 నుంచి 1913 దాకా సాగిన గ్లిడెన్ టూర్ల ఉద్దేశం కూడా అదే: కారు నమ్మదగిన వాహనమని జనానికి చూపించడం. కారు మామూలు వస్తువైపోయాక ఈ యాత్రల అర్థం తలకిందులైంది. బ్రైటన్ ప్రయాణాన్ని 1927లో జ్ఞాపకార్థం మళ్లీ నడిపారు. గ్లిడెన్ టూర్‌ను 1946లో పాతకార్ల అభిమానులు తిరిగి లేవదీశారు. ఒకప్పుడు కొత్త బండి నడవగలదని రుజువు చేసిన దారిలోనే పాతబండి ఇంకా నడుస్తుందని రుజువు చేయాల్సి వచ్చింది. స్టేట్స్‌మన్ ర్యాలీ ఈ రెండో తరానిది.

ఆ రుజువు అవసరమా? అవసరమే. హైదరాబాదు చౌమహల్లాలో ఉన్న 1912 నాటి పసుపురంగు రోల్స్‌రాయిస్ కంటికి పండగే, కానీ అద్దాల వెనక నిలబడ్డ కారు తన పనితనంలో సగమే చూపిస్తుంది. కదలని ఇంజన్‌లో పెట్రోలు జిగురవుతుంది, గ్రీజు గడ్డకడుతుంది, సీళ్లు ఎండిపోతాయి. అంతకంటే ముందు పోయేది చేతివిద్య. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేటప్పుడు అది ఎదురుతన్ని మణికట్టు విరగ్గొట్టకుండా బొటనవేలిని మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి, పిడిని చుట్టి పట్టుకోకూడదు. గేరు మార్చేటప్పుడు క్లచ్ రెండుసార్లు తొక్కాలి. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు. ఏడాదికొక ప్రయాణం ఉందంటేనే దొరకని భాగాన్ని చేత్తో చేసిపెట్టే మెకానిక్కుకు పని ఉంటుంది.

ఢిల్లీ శివారు వైశాలిలాంటి చోట ఉండే మధ్యతరగతి మనిషి వేసే ప్రశ్న ఇంకా పదునైనది. మా పదేళ్ల డీజిల్ కారును తీసేయమని, వాళ్ల వందేళ్ల కారుకు జెండా ఊపుతారా? రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్ల మీద నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025 ఆగస్టులో కొంత ఊరట దొరికింది. ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే రోజూ ఆఫీసుకు తిరిగే లక్షల బళ్ల పొగనూ, ఏడాదికి కొన్ని గంటలు తిరిగే కొద్ది బళ్ల పొగనూ ఒకే గాటన కట్టలేం. 2021 కేంద్ర నిబంధనలు ఈ తేడాను గుర్తించాయి: యాభై ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ అక్షరాలతో నంబరు, పదేళ్లకు రూ.20,000 రుసుము, ర్యాలీ, ప్రదర్శన, మరమ్మతులాంటి పనులకు తప్ప రోడ్డెక్కకూడదు. సబబైన షరతే.

లోపం వేరేచోట ఉంది. ఆ నిబంధనల్లో వింటేజ్ అంటే సొంత వాడకపు ద్విచక్ర వాహనాలూ, కార్లే. ఫైరింజన్లు, బస్సులు, లారీలు ఆ నిర్వచనంలోకి రావు. దొరవారి కారుకు చోటిచ్చి, మంటలార్పడానికి తెచ్చిన బండిని బయట నిలబెట్టారన్నమాట. జమీందారీ సరదా అన్న నింద ర్యాలీ కంటే ఈ నిర్వచనానికే బాగా అతుకుతుంది. రవాణా శాఖ పనిబళ్లను కూడా అందులో చేర్చాలి.