చెమటకి సూదిమందు

మా నక్కపల్లిలో చెమట పట్టని మనిషి ఉండరు. దగ్గర్లోనే సముద్రం, గాలి నిండా తడి. ఎండాకాలం ఉపమాక వెంకన్న కొండ ఎక్కి దిగామంటే జాకెట్టు పిండుకోవాల్సిందే. అందుకే మా అమ్మాయి చంకల్లో చెమట గురించి చెప్పినప్పుడల్లా "సబ్బు పెట్టి సరిగ్గా రుద్దుకోవే" అనేదాన్ని. పటిక రాయమన్నాను, అది మా అమ్మమ్మ చిట్కా. (ఇప్పుడు షాపుల్లో అమ్మే రోల్ఆన్‌లలో చెమట ఆపేదీ అల్యూమినియం లవణమే, పటిక కూడా ఆ జాతిదే.) జనవరి చలిలోనూ తడిసిపోతోందనీ, కాలేజీలో బోర్డు మీద రాయమంటే చెయ్యెత్తడం లేదనీ, నల్ల చుడీదార్లే కొనడానికి కారణం అదేననీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

విశాఖలో చర్మం డాక్టరుగారు చూసి, ఇది శుభ్రత లోపం కాదు, హైపర్‌హైడ్రోసిస్ అన్నారు. పూతమందులు రెండు నెలలు వాడినా తగ్గకపోతే బోటాక్స్ ఇంజెక్షన్ ఉందన్నారు. సినిమావాళ్ళు ముడతలకి వేయించుకునేదే! ఇంటికొచ్చి దాని కథ చదవడం మొదలుపెట్టాను.

రెండు వందల ఏళ్ళ కిందట జర్మనీలోని వుర్టెంబర్గ్‌లో చెడిపోయిన సాసేజిలు తిని జనం చనిపోతుండేవారు. ఆ కేసులన్నీ ఓపిగ్గా రాసిపెట్టిన డాక్టరు జస్టినస్ కెర్నర్. ఆయన కవి కూడానట. బి.ఏ. తెలుగు చదివినదాన్ని, అక్కడ నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోగులకి కన్నీరు, ఉమ్మి, చెమట ఎండిపోవడం కెర్నర్ గమనించాడు. ఆ విషాన్ని తన మీదే కొంచెం ప్రయోగించుకున్నాడు. అతి తక్కువ మోతాదులో అది మందుగా పనికొస్తుందని 1822లోనే ఊహించి రాశాడు. మన అలంకారశాస్త్రంలో స్వేదం ఎనిమిది సాత్త్విక భావాల్లో ఒకటి. పరీక్షకి బట్టీ పట్టానే గానీ, చెమట పట్టాలంటే నరం కబురు పంపాలని అప్పుడు నాకు తెలీదు.

1895లో బెల్జియంలోని ఎల్జెల్ అనే ఊళ్ళో చావుకొచ్చిన బాజావాళ్ళు చెడిన పంది మాంసం తిని జబ్బుపడ్డారు. దాన్ని పరిశోధించి వాన్ ఎర్మెంగెం విషానికి మూలమైన బాక్టీరియాని పట్టుకున్నాడు. బోటులస్ అంటే లాటిన్‌లో సాసేజి, పేరు అలా వచ్చింది. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో అలన్ స్కాట్ దాన్ని మెల్లకన్నుకి మందు చేశాడు, 1989లో అమెరికా అనుమతిచ్చింది. ముఖం ఒకపక్క అదిరే రోగులకి ఇదే ఇస్తుంటే, సూది వేసినచోట చెమట పట్టడం లేదని 1994లో ఇద్దరు డాక్టర్లు రాశారు. కెర్నర్ చూసినదే, 172 ఏళ్ళ తర్వాత! చంకల చెమటకి అమెరికాలో అనుమతి వచ్చింది 2004లో.

నరం చివర అసిటైల్‌కోలిన్ విడుదల కాకుండా ఈ మందు అడ్డుకుంటుంది. కబురు అందక గ్రంథి ఊరుకుంటుంది. ఒక్కో చంకకి 50 యూనిట్లు, పది పదిహేను చోట్ల చిన్న సూదితో పొడుస్తారు. అంతకుముందు అయోడిన్ పూసి, ఆరాక గంజిపొడి చల్లారు. చెమట ఊరే మేరంతా నల్లగా మారింది. మా అమ్మాయి అద్దంలో చూసుకుని, "ఇది సబ్బుతో పోయేదేనా అమ్మా?" అంది. నేను మాట్లాడలేదు.

వారం తిరక్కుండానే ఆరింది. ఏడో నెలలో మళ్ళీ తడి మొదలైంది, అది మామూలేనట. సంక్రాంతి వెళ్ళాక రెండోసారి వేయించాలి, ఖర్చు వేలల్లోనే. "డబ్బులిచ్చి విషం పొడిపించుకోవడమేంటే" అని మా ఆయన ఇంకా సణుగుతూనే ఉన్నారు.