హారియట్ కొండకు దారి వేసిందెవరు?

2009 మార్చిలో బ్రిటన్‌లో పేరున్న తొమ్మిది మంది గాయకులు, టీవీ తారలు కిలిమంజారో ఎక్కారు. దాని ఎత్తు 5,895 మీటర్లు. కామిక్ రిలీఫ్ అనే సేవాసంస్థ తరఫున వాళ్లు పోగుచేసిన విరాళం 30 లక్షల పౌండ్లు దాటింది. ఆ డబ్బు ఆఫ్రికాలో మలేరియాను ఆపే దోమతెరల కోసం. సేవానిధి కోసం కొండ ఎక్కడమంటే నేడు అందరికీ గుర్తొచ్చేది ఇలాంటి యాత్రే. ఎక్కినవారి కష్టం, శిఖరం ఎత్తు, వసూలైన సొమ్ము, ఈ మూడింటినీ చూసి మనం మెచ్చుకుంటాం. మెచ్చుకోవలసిందే. కానీ ఒకరి మేలు కోరి కొండ ఎక్కడం అనే పనిని ఈ మూడింటితోనే కొలిస్తే అసలు సంగతి తప్పిపోతుందని నా అభిప్రాయం. దారి ఎవరు వేశారు, బరువు ఎవరు మోశారు, మేలు పొందాల్సినవారి మాట ఎవరైనా విన్నారా అన్నవే ముందు అడగాల్సిన ప్రశ్నలు. ఇందుకు నాకు కనిపించే గట్టి సాక్ష్యం హిమాలయాల్లో లేదు. అండమాన్‌లో, నాలుగు వందల మీటర్లకు కూడా చేరని ఒక కొండ మీద ఉంది.

పోర్ట్ బ్లెయిర్ నుంచి రేవు దాటి బాంబూ ఫ్లాట్‌లో దిగితే ఆ కొండకు దారి పడుతుంది. 2021 వరకు దాని పేరు మౌంట్ హారియట్. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్ల నడుమ కనిపించే సముద్రం ఈ కొండ దారి నుంచి చూసిన దృశ్యమే. 1862 నుంచి 1864 వరకు ఇక్కడి ఖైదీల కాలనీకి సూపరింటెండెంటుగా ఉన్న రాబర్ట్ టైట్లర్ భార్య హారియట్ పేరు దానికి పెట్టారు. అంతకు నాలుగేళ్ల ముందు, 1858 మార్చిలో, రెండు వందల మంది ఖైదీలతో ఆ కాలనీ మొదలైంది. అడవి కొట్టింది, చిత్తడి పూడ్చింది, దారులు తీసింది వాళ్లూ, వాళ్ల తరవాత వచ్చిన వేలమందీ. వాళ్లను తిప్పలు పెట్టింది జ్వరం. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టే మన్యం జ్వరం లాంటిదే అది.

1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో ఈ కొండ ఎక్కింది ఆ జ్వరం గురించే. జ్వరపీడితులు కోలుకునేందుకు పైన ఒక ఆరోగ్య నివాసం కట్టవచ్చా అన్నది ఆయన ఆలోచన. రోజంతా దీవులు తనిఖీ చేసి అలసిపోయినా, ఇంకా కాస్త పొద్దుందని హోప్‌టౌన్ రేవులో దిగి పైకి బయల్దేరాడు. ఆయన జీవితచరిత్ర రాసిన హంటర్ ఇక్కడ ఒక చిన్న విషయం చెబుతాడు. అందరికీ కలిపి ఉన్నది ఒక్కటే గుర్రం. తక్కినవాళ్లు నడుస్తుంటే తాను స్వారీ చేయడానికి మేయో మొదట ఒప్పుకోలేదు. ఎక్కాక కూడా సగం దారిలో దిగి, ఇక నడిచే వంతు తనదంటూ గుర్రాన్ని మరొకరికి ఇచ్చాడు. మంచి మనిషి చేసే పనే అది. పైన సూర్యాస్తమయం చూసి, చీకట్లో కాగడాల వెలుగులో దిగాడు. రేవులో షేర్ అలీ అఫ్రీదీ కత్తితో పొడిచాడు. షేర్ అలీ పెషావర్‌లో ఒక హత్య కేసులో యావజ్జీవ శిక్ష పడి వచ్చిన పఠాన్, హోప్‌టౌన్‌లో క్షురకుడు. మేయో భార్య ఎదురుచూస్తున్న గ్లాస్గో ఓడకు ఆయన శవమే చేరింది. మార్చిలో షేర్ అలీని వైపర్ దీవిలో ఉరితీశారు.

హత్య ఎంత పెద్ద వార్త అయిందంటే, కొండ ఎందుకు ఎక్కాడన్న సంగతి దాని కింద పడి మరుగునపడింది. షేర్ అలీ కత్తికీ ఆరోగ్య నివాసానికీ సంబంధం లేదు. ఆ రెంటినీ ముడిపెట్టి నీతి చెప్పడం తప్పు. నేను చూస్తున్నది ఆ తరవాతి చరిత్రను. జ్వరపీడితుల కోసం చూడబోయిన ఆ కొండ చీఫ్ కమిషనర్ల వేసవి విడిదిగా పేరు తెచ్చుకుంది. చల్లగాలి దొరల వంతు అయింది. 1891లో బ్రిటిష్‌వారితో జరిగిన యుద్ధం తరవాత ప్రవాసానికి పంపిన మణిపూర్ రాజు కులచంద్ర సింగ్‌నూ ఆయన సహచరులనూ అక్కడే ఉంచారు. ఇప్పటి మౌంట్ మణిపూర్ అనే పేరు వారి జ్ఞాపకంగానే వచ్చింది. ఎక్కినవాడి దయలో లోపం లేదు. అయినా ఆ దయ కొండ ఎవరిదవ్వాలో తేల్చలేకపోయింది. తేల్చే అధికారం రోగుల చేతిలో లేదు, అడిగే నోరూ వాళ్లకు లేదు.

ఒక పాలకుడి తనిఖీని నేటి సేవాయాత్రతో పోల్చడమేమిటని ఎవరైనా అనవచ్చు. మేయో చందా అడగలేదు, ఆయన చేతిలో ఖజానాయే ఉంది. నిజమే, తేడా ఉంది. కానీ ఆ తేడా నా వాదానికే బలమిస్తుంది. ఖజానా, సైన్యం, హుకుం అన్నీ ఉన్నవాడి సదుద్దేశమే అంత తేలిగ్గా దారి తప్పగలిగితే, కొన్నాళ్లు వచ్చి ఎక్కి వెళ్లిపోయే దాత ఉద్దేశం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి?

కొండదారి ఎవరి చెమటతో తయారవుతుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1920ల మొదట్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యంలో రోడ్లు వేయించాడు. ఆ రోడ్లూ మేలుకేనని సర్కారు మాట. కొండవాళ్ల చేత చాలీచాలని కూలికి, బలవంతంగా చాకిరీ చేయించడం అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణమైంది. ఆ పోరాటంలో ముందు నిలిచిన గాము మల్లుదొరను అండమాన్ జైలుకు పంపారు.

దోమతెర అందితే చాలదా, దాని కోసం ఎవరు ఏ కొండ ఎక్కితే ఏమన్నది రెండో అభ్యంతరం. దీన్ని తేలిగ్గా తీసేయలేను. తెర కింద పడుకున్న బిడ్డకు ఈ చర్చంతా అనవసరం. అయితే దాత ఎక్కే ప్రతి పెద్ద కొండ మీదా గుడారాలు, బియ్యం, నీళ్లు మోసే మనుషులున్నారు. కిలిమంజారో మోతగాళ్ల కూలి కోసం, వెచ్చని బట్టల కోసం, బరువుకు హద్దు కోసం 2003 నుంచి విడిగా ఒక సంస్థ పనిచేయాల్సి వస్తోంది. ఒక పేదవాడికి సాయం తీసుకెళ్లే దారిలో ఇంకో పేదవాడి కూలి కోసుకుపోతే ఆ లెక్క పూర్తయినట్టు కాదు. ఈ లెక్క సరిచేయడం అసాధ్యమూ కాదు. ఎవరెస్ట్ ఎక్కిన హిల్లరీ తన బరువులు మోసిన షెర్పాలనే ఏం కావాలని అడిగాడు. వాళ్లు బడి అడిగారు. 1961లో షెర్పాల ఊరు ఖుంజుంగ్‌లో బడి లేచింది.

మన్యంలో అలా అడిగినవాళ్లు లేరు. అడగకపోయినా చెప్పే రోజు మాత్రం వచ్చింది. జైలు నుంచి విడుదలై వచ్చిన మల్లుదొరను 1952లో విశాఖపట్నం ఓటర్లు స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు పంపారు.